రంగులరాట్నం పక్కన బెంచీ: వాల్ట్ డిస్నీ కథ

వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయంటే మన ఇళ్ళల్లో రెండే చర్చలు. ఇండియాకి టికెట్లు ఎంతలో ఉన్నాయన్నది మొదటిది. ఈసారికి ఇండియా కుదరకపోతే డిస్నీకి ఎప్పుడు వెళ్దామన్నది రెండోది. మన బడిలో గుణింతాలు ఇంకా పూర్తికాని చిన్నారులకి కూడా మిక్కీ మౌస్ ఎవరో చెప్పక్కర్లేదు. కానీ డిస్నీ అంటే ఏమిటని అడిగితే చాలామంది పిల్లలు కంపెనీ అంటారు, లేదా టీవీ ఛానెల్ అంటారు. నిజానికి డిస్నీ అన్నది ఒక ఇంటిపేరు. ఆ ఇంటిపేరుగల పెద్దమనిషి ఒకాయన ఇద్దరు ఆడపిల్లల తండ్రి. సెలవురోజున పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్ళాలో తోచక తలపట్టుకున్న తండ్రి!

ఆయన ఆ పార్కు ఎందుకు కట్టారో తెలిస్తే, చంటిపిల్లల్ని వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళినప్పుడు మనం ఏం చూడాలో కూడా తెలుస్తుంది. అందుకే ఈ సంచికలో ఆయన కథ చెప్పుకుందాం. పిల్లలూ, మీకు కష్టమనిపించిన చోట అమ్మచేతనో నాన్నచేతనో చదివించుకోండి.

పొలం, రైలు, పేపర్లు

వాల్ట్ డిస్నీ 1901 డిసెంబరు 5న చికాగోలో పుట్టాడు. తండ్రి ఇలయాస్, తల్లి ఫ్లోరా. ఐదుగురు సంతానంలో వాల్ట్ నాలుగోవాడు. హెర్బర్ట్, రేమండ్, రాయ్ అన్నలు, రూత్ చెల్లెలు. వీళ్ళలో రాయ్ పేరు గుర్తుపెట్టుకోండి. వాల్ట్ కన్నా 8 ఏళ్ళు పెద్దవాడైన ఈ అన్నయ్య మన కథలో చివరిదాకా ఉంటాడు. రామాయణంలో అన్న ముందు నడిస్తే తమ్ముడు వెనక నడిచాడు. ఈ కథలో తమ్ముడు ముందు పరుగెత్తితే అన్న వెనక కాపు కాశాడు.

1906లో ఆ కుటుంబం మిస్సోరీ రాష్ట్రంలోని మార్సెలిన్ అనే చిన్న ఊరికి వెళ్ళి పొలం కొనుక్కుంది. ఆపిల్ చెట్లు, ఆవులు, పందులు, కోళ్ళు, ఊరి మీదుగా పోయే శాంటా ఫే రైలు. వాల్ట్‌కి వరసకు మామయ్య అయ్యే ఒకాయన రైలింజను డ్రైవరు. ఇక ఆ పిల్లవాడికి రైలంటే ఎంత పిచ్చి ఉండి ఉంటుందో వేరే చెప్పాలా! పక్కింటి డాక్టరు గారు తన గుర్రం బొమ్మ గీయమని అడిగి, గీసినందుకు డబ్బులు కూడా ఇచ్చారట. బొమ్మ గీస్తే డబ్బులు వస్తాయని వాల్ట్‌కి అప్పుడే తెలిసింది.

ఆ సంబరం నాలుగైదేళ్ళే. తండ్రి జబ్బుపడ్డాడు, పొలం అమ్మేశారు. 1911లో కాన్సస్ సిటీకి మారి, ఇలయాస్ పేపర్లు వేసే పని తీసుకున్నాడు. ఇంటింటికీ తిరిగి పేపర్లు వేసింది మాత్రం రాయ్, వాల్ట్. అప్పటికి వాల్ట్‌కి 10 ఏళ్ళు కూడా నిండలేదు. తెల్లవారకముందే లేవాలి, మంచులో నడవాలి, పేపరు వాకిట్లోకి విసిరేయకుండా గుమ్మందాకా వెళ్ళి తలుపు దగ్గర పెట్టాలి. ఆ తర్వాత బడి. తండ్రి దీనికి జీతమేమీ ఇచ్చేవాడు కాదు. ఇలా ఆరేళ్ళకు పైగా సాగింది. పెద్దయ్యాక కూడా, ఏదో ఒక ఇంటికి పేపరు వేయడం మర్చిపోయినట్టు కలలు వచ్చి వాల్ట్ ఉలిక్కిపడి లేచేవారట.

ఆ రోజుల గురించి ఆయన చెప్పుకున్న సంగతి ఒకటుంది. పేపరు పెట్టడానికి వెళ్ళిన వాకిళ్ళలో ఆ ఇళ్ళ పిల్లలు రాత్రి వదిలేసిన బొమ్మలు పడి ఉండేవి. ఇంకా చీకటిగా ఉన్న ఆ వేళలో, ఎవరూ చూడకుండా, వాల్ట్ కాసేపు ఆ బొమ్మలతో ఆడుకుని, మళ్ళీ ఎక్కడివి అక్కడ పెట్టేసి తర్వాతి ఇంటికి వెళ్ళేవాడు. తర్వాత ఆయన చేసిన పనుల్లో చాలావాటికి మూలం ఈ వాకిళ్ళలోనే ఉందేమో అనిపిస్తుంది మాకు. అదే ఊళ్ళో, ఇంటికి కొద్దిదూరంలో, ఎలక్ట్రిక్ పార్క్ అని ఒక వినోదస్థలం ఉండేది. రాత్రయితే వేలాది దీపాలతో వెలిగిపోయేది.

దివాలా నుంచి ఎలుక దాకా

మొదటి ప్రపంచయుద్ధం చివర్లో, 1918లో, వయసు చాలకపోయినా పుట్టిన సంవత్సరం మార్చి రాసి వాల్ట్ రెడ్ క్రాస్‌లో చేరారు. ఫ్రాన్స్ చేరేసరికి యుద్ధం ముగిసింది. అక్కడ అంబులెన్సులూ, లారీలూ నడిపి 1919లో తిరిగొచ్చారు. కాన్సస్ సిటీలో బొమ్మలు గీసే ఉద్యోగంలో అబ్ ఐవర్క్స్ అనే స్నేహితుడు దొరికాడు. 1922లో సొంతంగా కార్టూన్ల కంపెనీ పెట్టారు. మన భాషలో చెప్పాలంటే స్టార్టప్పు. మరుసటి ఏడాదికే దివాలా! గదికి అద్దె కట్టలేక ఆఫీసులోనే పడుకుని, రైల్వే స్టేషన్లో డబ్బులిచ్చి స్నానం చేసిన రోజులవి.

1923లో, 21 ఏళ్ళ వయసులో, వాల్ట్ హాలీవుడ్ రైలెక్కారు. అన్న రాయ్ అప్పటికే ఆ ప్రాంతంలో క్షయకు చికిత్స పొందుతున్నాడు. అక్టోబరు 16న అన్నదమ్ములిద్దరూ కలిసి స్టూడియో మొదలుపెట్టారు. బొమ్మల సంగతి తమ్ముడిది, లెక్కల సంగతి అన్నది. అక్కడ పనిచేసే లిలియన్ అనే అమ్మాయిని 1925లో వాల్ట్ పెళ్ళి చేసుకున్నారు.

1927లో వాళ్ళు తయారుచేసిన ఓస్వాల్డ్ అనే కుందేలు బాగా పేరు తెచ్చుకుంది. 1928లో కొత్త ఒప్పందం కోసం వాల్ట్ న్యూయార్క్ వెళ్తే అసలు సంగతి బయటపడింది. కుందేలు హక్కులు ఆయనవి కావు. స్టూడియోలోని చిత్రకారుల్లో చాలామందిని కూడా డిస్ట్రిబ్యూటరు తనవైపు తిప్పుకున్నాడు. ఒప్పందం కాగితాల్లో చిన్న అక్షరాలు చదవకపోతే ఏమవుతుందో మన ఐటీ వాళ్ళకి తెలియనిది కాదు! ఆ దెబ్బ తర్వాత పుట్టినదే మిక్కీ మౌస్. దాని రూపానికి ఐవర్క్స్ చేతివాటం తోడైంది. మొదట మార్టిమర్ అని పెట్టాలనుకుంటే ఆ పేరు బాగాలేదన్నది లిలియన్. 1928 నవంబరు 18న న్యూయార్క్‌లో స్టీమ్‌బోట్ విల్లీ విడుదలైంది. బొమ్మ కదలికకి, శబ్దానికి అంత చక్కగా జత కుదరడం ప్రేక్షకులకు కొత్త. పిల్లలూ, మరో సంగతి. తర్వాత ఏళ్ళ తరబడి సినిమాల్లో మిక్కీ మాట్లాడిన గొంతు వాల్ట్ గారిదే!

పూర్తినిడివి కార్టూన్ సినిమా ఎవరు చూస్తారని అందరూ నవ్వుతున్నా, అప్పులు చేసి స్నో వైట్ తీశారు. 1937 డిసెంబరు 21న అది తొలిసారి ప్రదర్శించినప్పుడు హాలంతా చప్పట్లు. ఆ సినిమాకి ఇచ్చిన ప్రత్యేక ఆస్కార్‌లో ఒక పెద్ద బొమ్మ, పక్కన మరుగుజ్జులకి గుర్తుగా ఏడు చిన్న బొమ్మలు ఉన్నాయి. జీవితకాలంలో ఆయనకి దక్కిన ఆస్కార్లు గౌరవ పురస్కారాలతో కలిపి 26. అన్ని ఆస్కార్లు మరొకరికి రాలేదు.

వెలుగు పక్కన నీడ

మహానుభావుల కథలు చెప్పేటప్పుడు మంచి మాత్రమే చెప్పి ఊరుకోవడం మనకి అలవాటు. పిల్లలకి అది న్యాయం కాదని మా అభిప్రాయం.

స్నో వైట్ డబ్బులతో అన్నదమ్ములు తల్లిదండ్రులకి ఇల్లు కొనిచ్చారు. ఆ ఇంట్లో వేడికోసం పెట్టిన ఫర్నేసు పాడై, విషవాయువు ఇల్లంతా కమ్మి, 1938 నవంబరులో తల్లి ఫ్లోరా చనిపోయింది. ఆ విషయం వాల్ట్ ఎవరిదగ్గరా ఎత్తేవారు కాదు. 1941లో స్టూడియో ఉద్యోగులు జీతాల గురించి, గుర్తింపు గురించి సమ్మె చేశారు. ఆయన దాన్ని ద్రోహంగా తీసుకున్నారు. ఆ కోపం తగ్గక 1947లో ప్రభుత్వ విచారణ సంఘం ముందు కొందరు పాత ఉద్యోగుల మీద కమ్యూనిస్టులని చెప్పారు. ఆయన సినిమాలు కొన్నిటిలో నల్లజాతివారిని, అమెరికా ఆదివాసులను చూపించిన తీరు ఆ సమాజాలను నొప్పించింది. సాంగ్ ఆఫ్ ది సౌత్ సినిమా ఆధారంగా కట్టిన రైడును అమెరికాలోని రెండు పార్కుల్లోనూ 2023లో మూసేసి, 2024లో కొత్త కథతో తెరవడానికి ఇదే కారణం.

శనివారం నాన్న

వాల్ట్, లిలియన్ దంపతులకి 1933లో డయాన్ పుట్టింది. 1936 చివర్లో పుట్టిన షారన్‌ను పసిబిడ్డగా ఉండగానే దత్తత తీసుకున్నారు. వారమంతా స్టూడియోలో మునిగిపోయే ఆ మనిషి శనివారాన్ని మాత్రం కూతుళ్ళకి కేటాయించేవారు. లాస్ ఏంజిలిస్‌లోని గ్రిఫిత్ పార్కుకి తీసుకెళ్ళేవారు. అక్కడో రంగులరాట్నం. పిల్లలిద్దరూ గుర్రాలెక్కి తిరుగుతుంటే, నాన్న బెంచీ మీద కూర్చుని వేరుశెనక్కాయలు వలుచుకు తినేవారు.

కూర్చుని చూస్తే ఆయనకి కనిపించిందేమిటి? ఆడుకునేది పిల్లలు, ఎదురుచూసేది పెద్దలు. రంగులరాట్నం దగ్గరే కాదు, ఆ రోజుల్లో ఎక్కడికి వెళ్ళినా అంతే. వినోదస్థలాలు చాలావరకు మురికిగా ఉండేవి, పనివాళ్ళు విసుక్కునేవారు. తల్లీతండ్రీ పిల్లలూ కలిసి ఆనందించే చోటు ఎందుకు ఉండకూడదన్న ప్రశ్న ఆ బెంచీ మీదే పుట్టిందని ఆయన తర్వాత చాలాసార్లు చెప్పారు.

మన తిరునాళ్ళలోనూ, నాంపల్లి ఎగ్జిబిషన్‌లోనూ రంగులరాట్నం ఎక్కినవాళ్ళకి ఇది కొత్త దృశ్యం కాదు. పైన మనం తిరుగుతుంటే, కింద నాన్న మన చెప్పులు పట్టుకుని నిలబడేవారు. ప్రతి చుట్టుకీ నాన్న ఉన్నాడో లేడో చూసుకునేవాళ్ళం. ఆయన కూడా ఎక్కితే బాగుండునని అనిపించేది, ఆ మాట నోటిదాకా వచ్చేది కాదు.

నారింజ తోటలో కోట

1948లో వాల్ట్ తన ఆలోచనను కాగితం మీద పెట్టారు. 1950లో ఇంటి పెరట్లో అరమైలు పట్టాలు వేసి చిన్న ఆవిరి రైలు నడిపారు. వచ్చినవాళ్ళందరినీ ఎక్కించుకుని తనే డ్రైవరు! మొదట స్టూడియో పక్కనే కొద్ది ఎకరాల్లో పార్కు కడతామంటే బర్బ్యాంక్ నగరపాలకులు 1952లో కాదన్నారు. సరైన స్థలం కోసం 1953లో స్టాన్‌ఫోర్డ్ పరిశోధన సంస్థ చేత సర్వే చేయించారు. జనాభా ఎటు పెరుగుతోంది, రోడ్లు ఎటు వస్తున్నాయి అన్నీ లెక్కవేసి వాళ్ళు చూపించిన చోటు అనహైమ్. అక్కడ 160 ఎకరాల నారింజ తోటలు కొన్నారు.

డబ్బులో? బ్యాంకులు తలలు అడ్డంగా ఊపాయి. మొదట్లో అన్న రాయ్ కూడా సందేహించారు. భార్య లిలియన్‌కి అసలు ఆ పార్కుల పేరెత్తితేనే గిట్టదు. వాల్ట్ తన జీవితబీమా మీద అప్పు తెచ్చారు, సెలవులకి వెళ్ళే ఇల్లు అమ్మేశారు. చివరికి ఏబీసీ టీవీ సంస్థతో ఒప్పందం కుదిర్చింది రాయ్ గారే. వాల్ట్ వాళ్ళకి టీవీ కార్యక్రమం చేసిపెట్టాలి, వాళ్ళు పార్కుకి పెట్టుబడీ, అప్పుకి హామీ ఇవ్వాలి. 1954 జూలైలో పనులు మొదలై ఏడాదిలో పూర్తయ్యాయి. ఖర్చు సుమారు 1 కోటి 70 లక్షల డాలర్లు.

1955 జూలై 17న డిస్నీలాండ్ తెరిచారు. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఆ రోజు సంగతి బాగా అర్థమవుతుంది. దొంగ టికెట్లతో జనం విరగబడ్డారు. ఎండకి కొత్తగా పోసిన తారు మెత్తబడి ఆడవాళ్ళ చెప్పుల మడమలు దిగబడ్డాయి. ప్లంబర్ల సమ్మె వల్ల మంచినీళ్ళ కుళాయిలు చాల్లేదు. రైడ్లు మొరాయించాయి. ఇదంతా టీవీలో లైవ్! గడువు తప్పదని బగ్గులతో రిలీజు చేసిన ప్రాజెక్టులాంటిదే అనుకోండి. వాల్ట్ బృందం మర్నాటి నుంచే ఒక్కొక్కటీ సరిచేస్తూ పోయింది. రెండు నెలలు నిండకముందే పది లక్షలమంది వచ్చి చూశారు.

ఆ పార్కులో ప్రతి ఏర్పాటు వెనకా ఒక ఆలోచన ఉంది. లోపలికి దారి ఒక్కటే కాబట్టి ఎవరూ తికమకపడరు. చుట్టూ మట్టికట్ట పోసి దానిమీద రైలు నడపడం వల్ల బయటి రోడ్లూ, కార్లూ కనబడవు. లోపలికి రాగానే కనిపించే వీధికి మార్సెలిన్ ఊరి వీధి స్ఫూర్తి. ఆ వీధి చివర కోట నిజానికి 77 అడుగులే. పైకి పోయేకొద్దీ రాళ్ళనీ కిటికీలనీ చిన్నవి చేయడంతో ఎంతో ఎత్తుగా అనిపిస్తుంది. రంగులరాట్నం మాత్రం కొత్తది కాదు. 1922లో తయారై టొరంటోలో తిరుగుతున్నదాన్ని కొని తెచ్చారు. అందులో కొన్ని గుర్రాలు నిలబడి ఉండేవి, గుర్రాలు కాని జంతువులూ ఉండేవి. అన్నీ దూకే గుర్రాలే కావాలని వాల్ట్ పట్టుబట్టారు. ఏ పిల్లకీ నిలబడిపోయిన గుర్రం వంతుకి రాకూడదు మరి!

చంటిపిల్లలతో వెళ్ళేవాళ్ళకి

ఇప్పుడు మన సంగతి. రెండేళ్ళ పాపతో, నాలుగేళ్ళ బాబుతో అంత పెద్ద పార్కుకి వెళ్ళడం దండగ, వాళ్ళకేం గుర్తుంటుందని మనవాళ్ళలో చాలామంది అంటుంటారు. టికెట్ల ధర చూస్తే ఆ మాటలో న్యాయం లేకపోలేదు. అయితే వాల్ట్ కథ చదివాక మాకు తోచింది వేరు. పెద్ద పెద్ద రోలర్ కోస్టర్లు పిల్లలు పెరిగాక ఎప్పుడైనా ఎక్కవచ్చు. తల్లిదండ్రులు పక్కన కూర్చుంటే చాలు, లోకం మీద ఇంకేమీ అక్కర్లేదనుకునే వయసు మాత్రం రెండో మూడో ఏళ్ళు ఉంటుంది. ఆయన ఆ పార్కు కట్టింది ఆ వయసు కోసమే.

కాబట్టి ఎత్తు నిబంధన లేనివాటితో మొదలుపెట్టండి. ఎగిరే ఏనుగు డంబో, గిర్రున తిరిగే టీకప్పులు, రంగులరాట్నం, పార్కు చుట్టూ తిరిగే రైలు, ప్రపంచ దేశాల పిల్లల బొమ్మల మధ్య పడవలో తిప్పే ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్. ఇవన్నీ ఒళ్ళో పిల్లతో సహా అందరూ కలిసి ఎక్కగలిగినవి. 3 ఏళ్ళలోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదు. పాలు పట్టడానికి, డైపర్లు మార్చడానికి, తినిపించడానికి ప్రత్యేకమైన గదులున్నాయి. ఎత్తు చాలని పసివాడితో ఒకరు కింద ఆగితే, రెండోవారు దిగాక మొదటివారు మళ్ళీ పెద్ద క్యూలో నిలబడకుండా ఎక్కే ఏర్పాటు ఉంది. అక్కడి సిబ్బందిని అడగండి. ఉదయం గేట్లు తెరిచేసరికి చేరుకోండి. ఎండ ముదిరాక గదికి తీసుకెళ్ళి పడుకోబెట్టి, సాయంత్రం మళ్ళీ రండి. పసివాడు కోటని వదిలేసి బాతుల్ని చూస్తానంటే చూడనివ్వండి. టికెట్ డబ్బులు గిట్టుబాటు కావాలని నిద్రలో ఉన్న పిల్లని లేపి ఫోటో తీయడం వల్ల ఎవరికీ సుఖం లేదు.

మరో మాట. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మనీ తాతయ్యనీ బ్యాగులకి కాపలా పెట్టేసి వెళ్ళకండి. స్ట్రోలరూ సంచులూ మనలో ఎవరో ఒకరు చూసుకుంటే, పెద్దవాళ్ళు మనవరాలితో పడవెక్కి వస్తారు. బెంచీ మీద మిగిలిపోయేవాళ్ళు ఉండకూడదనే గదా ఆ పార్కు పుట్టింది!

కిటికీలో దీపం

పార్కు ప్రధాన వీధిలో ఫైర్ స్టేషన్ మేడమీద వాల్ట్ కుటుంబానికి చిన్న ఇల్లు ఉండేది. అక్కడి కిటికీలోంచి ఆయన కింద నడిచే కుటుంబాలను చూస్తూ గడిపేవారు. 1965 నవంబరులో ఫ్లోరిడాలో ఇంకా పెద్ద పార్కు కడతామని ప్రకటించారు. ఆ ప్రాజెక్టుకి కొన్న భూమి 27,000 ఎకరాలకు పైమాటే. కానీ కుర్రతనం నుంచీ వదలని సిగరెట్లు ఆయన్ని వదల్లేదు. ఊపిరితిత్తుల క్యాన్సరుతో 1966 డిసెంబరు 15న, 65వ పుట్టినరోజు గడిచిన పది రోజులకే కన్నుమూశారు. ఫ్లోరిడాలో అప్పటికి చిత్తడినేల మాత్రమే ఉంది.

రాయ్ గారికి అప్పుడు 73 ఏళ్ళు. విశ్రాంతి తీసుకుందామనుకున్నవారు ఆ ఆలోచన పక్కనపెట్టి తమ్ముడి పని నెత్తికెత్తుకున్నారు. 1971 అక్టోబరు 1న అది తెరుచుకుంది. పేరు డిస్నీ వరల్డ్ అంటే చాలదని, ఎవరి కలో అందరికీ తెలియాలని, వాల్ట్ డిస్నీ వరల్డ్ అని పూర్తిగా పెట్టించారు. అదే ఏడాది డిసెంబరు 20న ఆయనా వెళ్ళిపోయారు.

అనహైమ్‌లో ఆ ఫైర్ స్టేషన్ పైకిటికీలో వాల్ట్ జ్ఞాపకంగా ఒక దీపం వెలుగుతూ ఉంటుంది. పిల్లలూ, ఈసారి వెళ్ళినప్పుడు లోపలికి అడుగుపెట్టగానే ఎడమచేతి వైపు తలెత్తి చూడండి. చీకట్లో ఎవరి వాకిట్లోనో బొమ్మలతో కాసేపు ఆడుకుని వాటిని జాగ్రత్తగా సర్దేసి వెళ్ళిన పేపరు కుర్రాడిని తలుచుకోండి. ఆ తర్వాత అమ్మనీ నాన్ననీ చెయ్యిపట్టి లాక్కెళ్ళి రంగులరాట్నం ఎక్కించండి. వాళ్ళు ఫోటో తీస్తాం, కింద ఉంటాం అంటారు. ఒప్పుకోకండి!